మా బోర్డుకు నత్తి

మొన్న శనివారం రాత్రి పది గంటలకు మా ఓపీ హాలు స్క్రీన్ మీద "స్త్రీల వైద్యం – గది 6" అని సరిగ్గా పడింది. స కింద త వత్తు, ర వత్తు, పైన గుడిదీర్ఘం, అన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఆ ఒక్క అక్షరం కోసం ఏడు వారాలు తిరిగాను. కోపం చల్లారకముందే రాసిపెడుతున్నాను.

మాది హైదరాబాద్ మలక్‌పేట దగ్గర ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రి. నేను అడ్మినిస్ట్రేషన్ చూస్తాను. దేవరకొండ, నల్గొండ వైపు నుంచి ఎంజీబీఎస్ బస్టాండులో బస్సు దిగి వచ్చేవాళ్లు కొందరు, పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లు కొందరు. నర్సు టోకెన్ నంబరు కేకేస్తే వెనక బెంచీల దాకా వినబడదు. అందుకని హాల్లో ఒక డిస్‌ప్లే, గేటు బయట ఒక ఎల్ఈడీ బోర్డు పెట్టాలని తీర్మానం చేశాం.

"టీవీ కొని గోడకు బిగించండి, అయిపోతుంది" అన్నారు చైర్మన్ గారు. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు; ఇంట్లో టీవీ వెలుగు సుమారు 300 నిట్లు. మా హాలుకు పడమర వైపు అంతా అద్దాలే. మధ్యాహ్నం మూడింటికి ఆ టీవీలో మన ముఖమే కనిపిస్తుంది. పైగా చాలా కంపెనీలు ఇంటి టీవీని వ్యాపార స్థలంలో వాడితే వారంటీ ఇవ్వవు. 24 గంటలూ నడిచేలా తయారైన 700 నిట్ల కమర్షియల్ ప్యానెల్ తీసుకున్నాం. నేరుగా ఎండ పడితే ప్యానెల్ వేడెక్కి నల్ల మచ్చలు వస్తాయి కాబట్టి పక్క గోడకు పెట్టించాను. షోరూం చీకట్లో ఏ స్క్రీనైనా వెలిగిపోతుంది. మీ హాలుకు తెప్పించుకుని, మీ ఎండలో చూడండి.

కరెంటు పరీక్ష కూడా నేనే చేశాను. మెయిన్ స్విచ్ (ఎంసీబీ) ఐదుసార్లు దించి ఎత్తాను. తెరకు అక్షరాలు పంపే డబ్బా వెనక ఒకటి ఉంటుంది; అమ్మడానికి వచ్చినవాళ్లలో ఒకాయన డబ్బా ప్రతిసారీ రిమోట్ నొక్కేదాకా నీలం తెరతో నిలబడిపోయింది. మా వాచ్‌మన్ రిమోట్ పట్టుకుని డ్యూటీ చేయలేడు కాబట్టి ఆయన్ని పంపించేశాం. బయటి బోర్డుకు ఐపీ 65 ఉండాలన్నాను: 6 అంటే దుమ్ము లోపలికి పోదు, 5 అంటే పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది. ఇంతవరకు నా లెక్క ఎక్కడా తప్పలేదు. కమిటీలో కొంచెం గొప్పలు కూడా పోయాను.

ప్రారంభం రోజు చైర్మన్ గారు వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు, స్విచ్ వేశారు. తెర వెలిగింది.

"రక్‌త పరీక్‌ష – గది 4. డాక్‌టర్ గారు వచ్‌చారు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. వత్తులన్నీ ఊడి, పొల్లు హల్లులై పక్కపక్కన నిలబడ్డాయి. ఎముకల విభాగం ముందు అక్షరాలకే ఎముకలు విరిగినట్టుంది. కింద ఉర్దూ లైను ఇంకా ఘోరం. కుడి నుంచి ఎడమకు కలిసి నడవాల్సిన అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి పడ్డాయి. ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి, "యే క్యా హై సాబ్?" అన్నాడు. ఇంతలో మా ఆయమ్మ మందుల ట్రే పట్టుకుని ఆగింది. పెద్దయ్యాక రాత్రిబడిలో చదువు నేర్చుకున్న మనిషి, ఏ బోర్డు కనిపించినా పైకి చదువుతుంది. "రక్... త. పరీక్... ష." మళ్లీ ఇంకోసారి చదివి నావైపు తిరిగింది.

"సారూ, మన బోర్డుకు నత్తి ఉన్నదా?"

హాలంతా నవ్వింది. చైర్మన్ గారూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. అప్పటికే 90 శాతం డబ్బు కట్టేసి ఉన్నాను, అదీ నా సంతకంతో.

సాయంత్రం బోర్డు పెట్టినాయనకు ఫోన్ చేశాను. "మీరు తెలుగు కావాలని స్పెసిఫిక్‌గా అడగలేదు కదా సార్" అన్నాడు. మలక్‌పేటలో ఆసుపత్రి బోర్డు అంటే తెలుగు కాక జపాన్ భాష వేస్తామా? "ఇంగ్లీష్‌లో పెట్టేయండి సార్, ఇప్పుడు అందరికీ వస్తుంది" అని పైగా ఒక సలహా. ఆయమ్మను ఫోన్లో పెడదామనుకున్నాను, వయసుకు గౌరవం ఇచ్చి ఊరుకున్నాను.

ఇక్కడ ఒక మాట అనకపోతే నిద్ర పట్టదు. 2017 డిసెంబరులో ఎల్బీ స్టేడియంలో ప్రపంచ తెలుగు మహాసభలు చేసుకున్న ఊరు ఇది. ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయిందీ ఆ ఏడాదే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. అయినా ఈ ఊళ్లోనే లక్షలు పోసి కొన్న పెట్టెకు "రక్తం" అనడం రాదు. దండలు వేయించుకునే వాళ్లలో ఒక్కరైనా ఒకసారి ఏదో ఒక కౌంటర్ ముందు టోకెన్ పట్టుకుని కూర్చోవాలి.

సరే. టెక్నీషియన్ వచ్చాడు. ఫాంట్ ప్రాబ్లం అన్నాడు. మూడు ఫాంట్లు ఎక్కించాడు. మూడు రకాల నత్తి వచ్చింది. రెండోసారి వచ్చి, డీటీపీ షాపులో అను ఫాంట్స్‌తో కొట్టించి బొమ్మగా పెట్టుకోమన్నాడు. గది నంబర్లకు అది సరిపోయింది. కానీ "ఈ రోజు డాక్టర్ గారు ఆలస్యంగా వస్తారు" అని వేయాల్సి వస్తే పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ పరుగెత్తాలి. టోకెన్ పక్కన పేషెంటు పేరు నిమిషానికొకటి మారుతుంది, దానికెన్ని బొమ్మలు చేయిస్తాం?

అసలు విషయం మా ల్యాబ్‌లో కంప్యూటర్ చూసే కుర్రాడు పట్టుకున్నాడు. కంప్యూటర్‌లో వత్తుకు వేరే గుర్తు ఉండదట. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు అని వరుసగా దాస్తుంది. చూపించేటప్పుడు కలిపి కట్టడం సాఫ్ట్‌వేర్ పని. ఆ డబ్బాలోని సాఫ్ట్‌వేర్‌కు ఆ పని తెలియదు. అందుకే ఎన్ని ఫాంట్లు మార్చినా లాభం లేదు. "మన ఫోన్లో క్రోమ్‌లో బాగానే వస్తోంది కదా సార్, స్క్రీన్ వెనక కూడా క్రోమే పెడదాం" అన్నాడు. ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి అరచేతిలో పట్టేంత కంప్యూటర్ కొన్నాం. కరెంటు రాగానే బ్రౌజర్ దానంతటదే తెరుచుకుని, తెర నిండా మా టోకెన్ పేజీ చూపించేలా వాడే రాశాడు. పెద్ద అక్షరాలకు రామభద్ర ఫాంటు, చిన్నవాటికి నోటో శాన్స్ తెలుగు ఫాంటు. రెండూ ఉచితమే. ఉర్దూ కూడా దారికొచ్చింది. వాడికి ట్రస్టు నుంచి ఏమీ ఇప్పించలేకపోయాను, బిర్యానీ తప్ప.

కొనబోయేవాళ్లు ఇది ఫోన్లో టైపు చేసుకుని వెళ్లండి: "స్త్రీ, రక్త పరీక్ష, ఉష్ణోగ్రత, జ్యోత్స్న, ఎక్స్‌రే". షాపువాడి డెమో వీడియోలో కాదు, అతని డబ్బాలో, మీ ఎదురుగా టైపు చేయించి చూడండి. అందులో జ్యోత్స్న నిలబడితే ఏ పేషెంటు పేరైనా నిలబడుతుంది. డబ్బు ఆ తర్వాత మాట్లాడండి.

బయటి బోర్డు కథ ఇంకా అవలేదు. అది పీ10, అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్లు. రోడ్డు అవతలి నుంచి చదవడానికి సరిపోతుంది. కానీ ఒక వరుస మాడ్యూళ్లంటే (బోర్డును కూర్చే చుక్కల పలకలు) ఎత్తు 16 చుక్కలే. ఇంగ్లీష్‌కు చాలు. తెలుగులో పైన గుడి పెడితే కింద వత్తు తెగుతుంది, వత్తు పెడితే గుడి ఎగిరిపోతుంది. చుక్కల కాగితం మీద పెన్సిల్‌తో "స్త్రీ" గీసి చూశాను, కుదరలేదు. ఇంకో వరుస వేసి 32 చేయాల్సిందే. ఫ్రేమ్ పెంచడానికి వెల్డర్ 6 వేలు అడుగుతున్నాడు, మాడ్యూళ్ల ఖర్చు వేరు. చైర్మన్ గారికి ఇంకా చెప్పలేదు.