మా అబ్బాయి ఊరు, రకూన్ సిటీ

కెనడాలో టొరంటో పక్కనున్న మిసిసాగాలో తెలుగువాళ్ళం నలుగురం కలిసినప్పుడు పిల్లల సినిమాల మాట వస్తే చర్చ ఎప్పుడూ ఒకేచోట ఆగిపోతుంది: చూడనివ్వాలా, వద్దా? పిల్లలకి తగిన వయసు వచ్చాక పక్కన కూర్చుని చూడాలన్నది నా మాట. మనకి బొత్తిగా పడవనుకునే సినిమాలైతే మరీనూ. అలా మా పెద్దాడితో చూసిన వాటిల్లో నన్ను బాగా కదిలించింది ఒక జాంబీల సినిమా, రెసిడెంట్ ఈవిల్: అపొకలిప్స్.

ఇది 2004లో వచ్చింది. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ వీడియో గేముల ఆధారంగా తీసిన సినిమాల వరసలో రెండోది. మొదటి భాగంలో కథంతా నేల కింద ఉన్న ఒక రహస్య ల్యాబ్‌లో నడుస్తుంది. ఇందులో అక్కడి టి-వైరస్ అనే వైరస్ పైకొచ్చి రకూన్ సిటీ అనే ఊరంతా పాకుతుంది. చచ్చినవాళ్ళు లేచి మనుషుల మీద పడుతుంటారు. వైరస్‌కి మూలమైన అంబ్రెల్లా కంపెనీ ఊరి గేట్లు మూసేస్తుంది. 1999లో వచ్చిన మూడో గేమ్‌లోని నెమెసిస్ అనే భీకరాకారాన్నీ, జిల్ వాలెంటైన్ అనే పోలీసునీ ఈ సినిమాలోకి తెచ్చారు. మావాడు ఆ గేమ్‌ని 2020లో మళ్ళీ తయారుచేసిన రూపంలో ఆడాడు, అదీ పదిహేడు నిండాకే. గేమ్ డబ్బా మీద వేసిన వయసుని మా ఇంట్లో ఖచ్చితంగా పాటిస్తాం.

సినిమాలో రకూన్ సిటీగా చూపించింది టొరంటోనే. ఆ సంగతి వాడికి ముందే తెలుసు, నాకు తెలియదు. సగం పైన కథ నడిచాక రెండు వంపు తిరిగిన భవనాలు తెర మీద కనిపించాయి. అది టొరంటో సిటీ హాల్. నాయిక ఆలిస్, అంటే మిల్లా జోవోవిచ్, నడుముకి తాడు కట్టుకుని ఆ భవనం గోడ మీదుగా తలకిందులుగా కిందికి పరుగెత్తుతుంది. మావాడు సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మన సిటీ హాల్! నేను స్కేటింగ్ నేర్చుకున్నది దాని ముందరే కదా!"

"మన" అన్నప్పుడు వాడి గొంతులో ఎంత గర్వమో! నాకు సొంతూరంటే తెనాలి. ఎక్కడైనా తెనాలి పేరు వినిపిస్తే నా ప్రాణం అలాగే లేచొస్తుంది. వాడికి ఆ ఊరు ఇది. సినిమా చివర్లో అంబ్రెల్లా వాళ్ళు ఊరి మీద అణుబాంబు వేయించి, అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిందని లోకానికి చెప్తారు. అప్పుడు వాడి ముఖం చూశాను. కథే అని తెలిసినా ఊరు పోయినందుకు నిజంగానే బాధపడ్డాడు. పిల్లలకి మూలాలు లేకుండా పోతున్నాయని మనం దిగులుపడతాం కానీ, వాళ్ళ వేళ్ళు ఇక్కడి నేలలో ఎంత లోతుకి దిగాయో ఆ రోజు కళ్ళారా చూశాను. నాకు సంతోషమే కలిగింది.

ఇక నన్ను పట్టి కుదిపేసినవాడు డాక్టర్ ఆష్‌ఫర్డ్. చక్రాల కుర్చీలో ఉండే శాస్త్రవేత్త. టి-వైరస్ కనిపెట్టింది ఆయనే. ఎందుకంటే ఆయన కూతురు ఏంజెలాకి కండరాలు క్షీణించే జబ్బు. తన బిడ్డ తన కాళ్ళ మీద నడవాలని చేసిన మందుని కంపెనీ లాక్కుని ఆయుధం చేసింది. ఊరు మూసేసే వేళకి తండ్రి గేటు బయట, కూతురు లోపల. ఊళ్ళో కెమెరాల్లోకి చొరబడి పాప ఆచూకీ వెతుకుతాడు. వీధుల్లో ఫోన్లకి కాల్ చేసి, నా కూతుర్ని తీసుకురండి, బయటపడే దారి చూపిస్తానని ప్రాణాలతో మిగిలినవాళ్ళతో ఒప్పందం చేసుకుంటాడు. పాప బడిలో దాక్కుని ఉంటుంది. ఖాళీ క్లాసురూముల్లోంచి జాంబీలైపోయిన చిన్నపిల్లలు వచ్చే ఘట్టంలో నేను దుప్పటి కళ్ళదాకా లాక్కున్నాను. అంత టెన్షన్ నా వల్ల కాలేదు.

అంతకుముందే గేటు దగ్గర ఒక సీన్ ఉంది. గుంపులో ఒక పెద్దాయన గుండె పట్టుకుని కుప్పకూలిపోతాడు. కూతురు నాన్నా అని ఏడుస్తుంటే లాగేస్తారు. కాసేపటికే గేట్లు మూతపడతాయి.

మావాడు సినిమా ఆపి నా వైపు చూశాడు. "నువ్వూ తాతయ్యని ఫోన్‌లోనే చూసేదానివి కదమ్మా, అప్పుడు."

2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో వేవ్ ఉధృతంగా ఉన్నప్పుడు ఇండియా నుంచి నేరుగా వచ్చే విమానాలని కెనడా ఆపేసింది. అదే సమయంలో మా నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. వెళ్తే తిరిగి ఎప్పుడొస్తానో తెలియదు, ఇక్కడ ఇద్దరు పిల్లలు. తమ్ముడు వీడియో కాల్‌లో ఫోన్‌ని నాన్న మంచం పక్కన నిలబెడితే, ఆయన వేలికి పెట్టిన ఆక్సిమీటర్ అంకెలనే చూస్తూ కూర్చునేదాన్ని. తొంభై, ఎనభై తొమ్మిది, తొంభై ఒకటి. దేవుడి దయవల్ల కోలుకున్నారు. వాడికప్పుడు ఇవన్నీ గుర్తుండే వయసని నాకు తోచలేదు. ఆ రాత్రి ఆ రోజుల గురించి వాడితో చాలాసేపు మాట్లాడాను, తెలుగులోనే.

నువ్వు నా సినిమా చూశావు కాబట్టి నీది నేను చూస్తానన్నాడు. జాంబీ రెడ్డి పెట్టాను. ప్రశాంత్ వర్మ తీసిన ఈ సినిమా 2021లో వచ్చింది. గేములు తయారుచేసే కుర్రాడు స్నేహితుడి పెళ్ళికని కర్నూలు వెళ్తే అక్కడ జాంబీలు పుట్టుకొస్తారు. ఫ్యాక్షన్ అంటే ఏమిటి, రాయలసీమ ఎక్కడ, కర్నూలు మాట మన మాటలా ఎందుకు లేదు అని ఒకటే ప్రశ్నలు. తెలుగు బడిలో వారం వారం కూర్చోబెట్టినా ఇన్ని అడగలేదు.

అపొకలిప్స్ గొప్ప సినిమా అని నేననను. ఫైట్లు మరీ ఎక్కువ, మనుషులకి సమయం తక్కువ. ఆష్‌ఫర్డ్‌కి ఇంకొంచెం చోటిచ్చి ఉంటే ఎంత బాగుండేది! చివర్లో కూతురు ఆయన ఒళ్ళోకి చేరుతుంది. ఆ కాసింత సేపటికే కంపెనీ మేజర్ ఆయన్ని కాల్చేస్తాడు.

ఆదివారం ఫోన్‌లో మావాడు ఈ కథంతా మా అమ్మకి చెప్పాడు. రక్తం, నెమెసిస్ అన్నీ వదిలేసి, "ఒక నాన్న ఉన్నాడు అమ్మమ్మా, వాళ్ళ పాప నడవలేదు" అని మొదలుపెట్టాడు. మధ్యలో మాట దొరక్కపోతే నన్నడిగి మళ్ళీ అందుకున్నాడు. అమ్మ అంతా విని, "ఆ పిల్ల దక్కిందా నాయనా?" అనడిగింది. దక్కిందన్నాడు. "మరి ఇప్పుడు ఎవరు పెంచుతున్నారు?" అంది. వాడి దగ్గర జవాబు లేదు. మూడో భాగం చూసి చెప్తానన్నాడు.