తూకం సార్ పాఠం

మన బ్యాచ్ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు మూడుసార్లు ఫోన్ చేశారు. హాస్టల్ మెస్ గురించి, వేయిస్తంభాల గుడి దగ్గరి గ్రూప్ ఫొటో గురించి ఎవరో ఒకరు ఎలాగూ రాస్తారు. నేను మనకు అర్థశాస్త్రం చెప్పిన తూకం సార్ గురించే రాస్తాను. మిగతా రెండేళ్లు అటుంచండి, 2008 పత్తి సీజన్‌లో ఆయన మనల్ని వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు తోలుకపోయిన ఆ ఒక్క పొద్దు చాలు.

ఆ ఏడే పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 2,030 నుంచి 3,000 రూపాయలకు పెరిగింది. అదే సమయంలో అమెరికాలో బ్యాంకులు కూలి ప్రపంచమంతటా బట్టకు గిరాకీ పడిపోయింది. ఇంతకు తగ్గొద్దని సర్కారు అంటుంది, అంత పెట్టలేనని ఖరీదుదారు అంటాడు. మరి బండ్ల మీది సరుకు ఎవరు కొనాలి? సార్ అడిగిన ప్రశ్న ఇదే. సమతౌల్య ధర, అంటే గిరాకీ, సరఫరా సరితూగే ధర కన్నా పైన ధర కడితే సరుకు మిగులుతుందని పుస్తకం ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటుంది. ఆ మిగులును సర్కారు పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కొనాలంటే కాంటాలు, హమాలీలు, జిన్నింగ్ మిల్లులు, గోదాములు, చేతిలో డబ్బు ఉండాలి. వీటిలో ఏది ఆలస్యమైనా అప్పున్న రైతు ఆగలేడు, వచ్చిన ధరకు ఇచ్చేసి తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) పట్టుకుని ఇంటికి పోతాడు. రెండేళ్లు తిరిగేసరికి బయటి ధరే మద్దతు ధరను దాటిపోయింది, సీసీఐ అవసరమే పెద్దగా పడలేదు.

మరునాడు సార్ బోర్డు మీద వేసిన తేమ లెక్క మూడో బెంచీ వాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం కోత. 12 దాటితే తీసుకోరు. 12 శాతం తేమతో క్వింటాలు తెస్తే 3,000లో 4 శాతం పోయి 2,880 వస్తుంది. అదే పత్తిని 8కి ఆరబెడితే కోత ఉండదు గానీ నీరు పోయి బరువు 95.65 కిలోలకు దిగుతుంది, చేతికి 2,870 కూడా రాదు. ఆరబెట్టి పది రూపాయలు పోగొట్టుకున్నట్టే. కానీ 13 నుంచి 12కి తెస్తే? పోయేది కిలో చిల్లర, దొరికేది కోత పోను మద్దతు ధర. మొత్తం చూడకు, చివరి శాతం దగ్గర ఏం మారుతుందో చూడు అనేవారు సార్. ‘ఉపాంత’ అన్న మాట నాకు ఆ రోజే అర్థమైంది.

పత్తి సంగతి ఇది, మిర్చికైతే మద్దతు ధరే లేదు. ధర సగమైందని ఎవరూ కూరలో రెండింతలు కారం వేయరు. గిరాకీ అంతగా సాగదు కాబట్టి పంట కొంచెం ఎక్కువైనా ధర బాగా కుంగుతుంది. ఈ ఏటి ధర చూసి వచ్చే ఏడు అందరూ మిర్చే వేస్తే జరిగేది అదే. కోల్డ్ స్టోరేజీ సరుకును కొన్నాళ్లు ఆపగలదు, కానీ కిరాయి, అప్పు మీది వడ్డీ పోను మిగలాలి.

సార్ క్లాసు డిబేట్ల సంగతి మీకు తెలిసిందే. ఏ పక్షమైనా డబ్బు ఎవరిది, ఎవరికి అందుతుంది, ఎవరు మిగిలిపోతారు, ఈ మూడూ చెప్పకుండా కూర్చోనిచ్చేవారు కాదు. 2018లో హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. అప్పుడు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు ఇచ్చారు. దళారీ లేడు, తేమ గొడవ లేదు, ఏ పంటైనా వేసుకోవచ్చు. కానీ పాస్‌బుక్ ఉన్నవారికే. కౌలు రైతు మిగిలిపోయాడు. మద్దతు ధరలో కౌలుదారు కూడా అమ్ముకోగలడు, కానీ కొనుగోలు కేంద్రం దాకా సరుకు చేరాలి, కాగితాలు కుదరాలి. ఒకటి ఉంటే రెండోది వద్దనే వాదన నాకు ఇప్పటికీ సరైనదనిపించదు.

మన బ్యాచ్‌లో ముగ్గురం అర్థశాస్త్రమే చెబుతున్నాం. తూకం సార్‌కు ఈ మాట చేరాలని ఉంది. ఈ ఏడు అదే లెక్కను 2025-26 ధర 8,110తో వేయించాను. ఆరబెడితే పోయేది 28 రూపాయలని పిల్లలు తేల్చారు. వెనక వరసలో ఒకమ్మాయి లేచి, ‘సార్, మరి ఆరబోసి ఎత్తిన కూలి ఎందుకు కలుపలే?’ అనడిగింది. బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టాం.