కోరింగ నుంచి అంతర్వేది దాకా

మారిషస్‌లోని తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్ళను మీ పూర్వులు ఏ ఊరివారని అడిగితే ఖచ్చితంగా చెప్పగలిగినవారు నాకు ఎక్కువమంది తారసపడలేదు గాని, కోరింగ అనే పేరు మాత్రం చాలామంది నోట విన్నాను. 1834 తరువాత చెరకు తోటల్లో పనికి కూలీలను ఓడల మీద తరలించిన కాలంలో తెలుగువారు ఓడ ఎక్కిన రేవుల్లో అది ఒకటి. ఉద్యోగరీత్యా ఆ దీవిలో కాపురముంటున్న నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. గోదావరిని రైలు వంతెన మీద నుంచి చూడడమే తప్ప దాని డెల్టాలో తిరిగినవాణ్ణి కాను. అందుకే ఈసారి సెలవుల్లో, సంక్రాంతి సందడి కాస్త సద్దుమణిగాక, కాకినాడలో దిగి, కోరింగ నుంచి అంతర్వేది దాకా ఒక్కొక్క పాయా దాటుకుంటూ వెళ్ళాలని బయలుదేరాను.

కోరింగ ఇప్పుడు కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు పక్కన ఉన్న మామూలు ఊరు. ఒకప్పుడు ఇక్కడ ఓడలు కట్టేవారు. ఇక్కడి నుంచి బర్మాకు వెళ్ళినవారు ఎంతమందంటే, ఆ దేశంలో తెలుగు కూలీలను ఈ ఊరి పేరుతోనే పిలిచేవారు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలు రేవును ముంచెత్తాయి. మిగిలిన పని గోదావరి తెచ్చిన ఒండ్రు పూర్తి చేసింది. పెద్ద ఓడలు రాలేకపోయేసరికి వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. పాత రేవు ఎటువైపు ఉండేదని అడిగితే టీ కొట్టాయన చెయ్యి చూపిన దిక్కున రొయ్యల చెరువులు, వాటి గట్ల వెంబడి కరెంటు తీగలు, ఆపైన మడ అడవి పచ్చగా కనిపించాయి. ఫోటో తీసి, దాన్ని మారిషస్ మిత్రులకు పంపాలా వద్దా అని కొంతసేపు సంకోచించి, చివరికి పంపాను.

మడ అడవిని మాత్రం ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో చెక్కబాట వేశారు. పోటు తీసి నీరు వెనక్కి వెళ్ళిన వేళ దాని మీద నడవడం మంచిది. తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి వేలెడంత పొడవున శ్వాసవేళ్ళు వందలకొద్దీ నిటారుగా లేచి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు కనుక చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్య ఎర్రటి చిన్న పీతలు బొరియల్లోంచి తొంగిచూసి, మన నీడ పడగానే లోపలికి దూరిపోతాయి. ఇక్కడ నీటిపిల్లులు ఉన్నాయని బోర్డులు చెబుతున్నాయి. రాత్రిపూట వేటాడే ఆ జంతువు పగలు వచ్చిన నాబోటివాళ్ళకు కనబడుతుందని ఆశించడం అత్యాశే.

కాకినాడ తీరానికి అడ్డుగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన హోప్ ఐలాండ్‌ను పడవలోంచి చూసినప్పుడు నాకు మారిషస్ తీరం గుర్తుకొచ్చింది. అక్కడ దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ అలల జోరును విరగ్గొడుతుంది. ఇక్కడ ఆ పని చేసేది గోదావరి ఒండ్రు, సముద్రపు కెరటాలు కలిసి పోగుచేసిన ఈ ఇసుక. మారిషస్ అగ్నిపర్వతాల నుంచి లక్షల ఏళ్ళ కిందట పుట్టిన నల్లరాయి. హోప్ ఐలాండ్ వయసు రెండు వందల ఏళ్ళకు అటూ ఇటూ. అంటే కోరింగలో ఓడ ఎక్కిన తొలితరం వారి నాటికి ఇది ఇంకా ఇలా సాగి ఉండదన్నమాట. నేల వయసును మనుషుల తరాలతో లెక్కవేయవచ్చునని నాకు అంతవరకూ తట్టలేదు.

యానాంలో ఎక్కువసేపు ఆగలేదు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, నేటికీ పుదుచ్చేరిలో భాగమైన ఈ పట్టణం నుంచి కూడా రీయూనియన్ దీవికి కూలీలు వెళ్ళారు. అయితే బస్సు దిగేవారిలో చాలామంది చరిత్ర కోసం రారని, మద్యం దుకాణాల ముందున్న రద్దీ చూస్తే తెలిసిపోతుంది. అక్కడి నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా కోనసీమలోకి తేలిగ్గా వెళ్ళవచ్చు. నేను మాత్రం ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకు వెళ్ళి, పంటు మీద గోదావరి పాయ గౌతమిని దాటాను.

పంటు అంటే రెండు పడవలను జోడించి పైన బల్లలు పరిచిన వాహనం. మోటారు సైకిళ్ళు, కూరగాయల గంపలు, బడిపిల్లలు, పెళ్ళి సామాను, అన్నీ దాని మీదే. శీతకాలం కావడంతో నది మధ్యలో ఇసుక మేటలు తేలి ఉన్నాయి, పంటు వాటిని తప్పించుకుంటూ వెళ్ళింది. పక్కన నిలబడ్డ ఒక వృద్ధ రైతు, “ఎవరి తాలూకండీ?” అని అడిగారు. అనంతపురం జిల్లా అని చెప్పగానే, “అక్కడ నీళ్ళుండవంటారు కదండీ” అని జాలిపడి, ఆ వెంటనే తన సంగతి చెప్పారు: “మాకు నీళ్ళే ఎక్కువండి. నాన్నగారి రోజుల్లో లంకలో నాలుగెకరాలుండేదండి. ఎనభయ్యారు వరదకి సగం గోదాట్లో కలిసిపోయింది. అవతల ఒడ్డున మేటేసింది గానండీ, అది మాదవదు కదా!” ముక్తేశ్వరం చేరేదాకా ఆయన ఏ ఒడ్డు ఎప్పుడు విరిగిందో, ఏ లంక ఎప్పుడు పెరిగిందో వరుసగా చెబుతూనే ఉన్నారు.

అంబాజీపేట ప్రాంతంలో ఒక కురిడీ కొబ్బరి షెడ్డు దగ్గర ఆగాను. బాగా ముదిరిన కాయలను నీడలో అటకల మీద ఏడాది దగ్గర దగ్గర నిల్వ ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి గుండులా తయారవుతుంది. పనివాడు ఒక కాయను చెవి దగ్గర పెట్టి ఆడించి, లోపల గుండు కదిలిన చప్పుడు విన్నాక గాని పక్కన పెట్టలేదు. ఆపైన చిప్పను అంచు నుంచి చిన్న చిన్న దెబ్బలతో పగులగొట్టి, గుండుకు గాటు పడకుండా బయటికి తీశాడు. గాటు పడితే దాని ధర పడిపోతుంది. ఇవి ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలకు వెళతాయట. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు ఈ తోటల్లో చెట్లు లెక్కకు మించి నేలకూలాయి. ఇప్పుడు నేను చూసిన ఈ నీడలో ఎంతో భాగం ఆ తరువాత నాటినదే.

డెల్టా అంతటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది గన్నవరం అక్విడెక్టు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటికీ, మరో పాయ వైనతేయ అవతలి నగరం లంకకు కాలువ నీరు చేరాలంటే ఆ నదిని దాటించాలి. అందుకని నది మీద ఇటుక, రాతి తోరణాలు కట్టి, వాటి పైనుంచి కాలువను పారించారు. ఇప్పుడు ఆ పని కొత్త అక్విడెక్టు చేస్తున్నది, దానికి ఈ ప్రాంతంలోనే ఆకలిగొన్న వారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కింద నది, పైన కాలువ, రెండింటిలోనూ గోదావరి నీరే. కింది నీరు మరికొంత దూరంలో ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది, పై నీరు రాజోలు పొలాలకు పోతుంది. చుక్క నీటికోసం బోరు మీద బోరు వేసుకునే సీమ నుంచి వచ్చినవాణ్ణి గనుక, ఈ కట్టడం ముందు నాకు కలిగిన అసూయను దాచుకోను.

అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరికి నడిచాను. వశిష్ఠ సముద్రంలో కలిసే ఆ చోట సరుగుడు తోటలు, ఇసుక, రెండు రంగుల నీరు. మరునాడు మాఘ కల్యాణానికి వచ్చే జనం కోసం అప్పటికే పనులు మొదలయ్యాయి.

తిరుగు ప్రయాణం సఖినేటిపల్లి రేవు నుంచి. అవతలి ఒడ్డున నర్సాపురం కనిపిస్తూనే ఉంటుంది గాని, పంటు వచ్చేదాకా ఎండలో నిలబడవలసిందే. ఇక్కడ వంతెన కావాలని జనం ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. నా పక్కన చంటిబిడ్డతో ఉన్న తల్లి, “పగలైతే సరేనండీ, రాత్రి బిడ్డకి జ్వరమొస్తే చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి వెళ్ళాలండి” అంది. పంటు ప్రయాణం ఎంత ముచ్చటగా ఉందో అంతకుముందే ఆమెతో చెప్పి ఉన్నాను. ఆ మాటకు ఆమె నవ్వింది గాని, వంతెన కట్టాక కూడా సరదా పడేవాళ్ళ కోసం ఒక పంటు ఉంచమని చెబుదాం లెండి అంది.