అరిసెల పాకం, అల్లం టీ

జనవరి 11, ఆదివారం రాత్రి

చేతులకి ఇంకా బెల్లం వాసన పోలేదు. భోగికి మూడు రోజులే ఉంది. ఈసారి మేం ఊరెళ్లట్లేదు, మా ఆడపడుచు వాళ్లూ తమ్ముడి వాళ్లూ పండక్కి హైదరాబాదే వస్తామన్నారు, అంటే అరిసెలు నేనే వండాలి. ఇన్నేళ్లూ భీమవరం నుంచి అమ్మ డబ్బాకెత్తి పంపిస్తే తినడమే తప్ప పాకం జోలికి ఎప్పుడూ పోలేదు.

శుక్రవారం రాత్రి కిలో కోటా బియ్యం నానబోసి (సన్నబియ్యం వద్దంది అమ్మ), నిన్న రెండుసార్లు నీళ్లు మార్చి, ఇవాళ పొద్దున్నే వడేసి గిర్నీకి పట్టుకెళ్లాను. నా ముందు పదిహేను గిన్నెలున్నాయి. అందరి మొహాల్లోనూ ఒకటే టెన్షన్, తడి ఆరిపోతుందేమోనని. ఇంటికొచ్చి పిండి జల్లించి, గట్టిగా నొక్కి మూతపెట్టాకగానీ ఊపిరాడలేదు.

ముప్పావు కిలో బెల్లం పొయ్యి మీద పెట్టి, పళ్లెంలో నీళ్లు పోసుకుని, పాకం చుక్క అందులో వేసి చూడటం, అమ్మేమో వీడియో కాల్‌లో "ఉండయిందా? మెత్తగా ఉందా?" అని అడగటం. అయినట్టే అనిపించి దించేశాను. నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి, పిండి పోసి కలిపాను. మొదటి అరిసె నూనెలో వేశానో లేదో, విచ్చుకుపోయి మూకుడంతా తేలింది! "లేతపాకంలో దించేశావే, తొందరెక్కువ నీకు" అని అమ్మ. పక్కన తీసి ఉంచిన రెండు గుప్పెళ్ల పిండి కలిపితే దారికొచ్చింది. ఆ విచ్చుకుపోయినదాన్ని మా ఆయన చెంచాతో తినేశాడు, బానే ఉందట. తర్వాత రెండు చిల్లుల గరిటెల మధ్య ఒక్కో అరిసెనీ నొక్కి నూనె పిండే పని ఆయనకే అప్పజెప్పాను. మొత్తం 43 వచ్చాయి, చివర్లో ఓ పది కొంచెం మాడాయి, అవి అడుగున సర్దేశాను.

సాయంత్రం పక్కింటి అక్క సకినాలు తెచ్చింది. వాళ్లది కరీంనగర్. ఆ వాము, నువ్వులు కలిపిన బియ్యప్పిండిని వేళ్లతో మెలితిప్పుతూ బట్ట మీద చుట్లు చుట్లుగా ఎలా పోస్తారో ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టదు. బదులుగా అరిసెలిచ్చాను, మాడనివే.

భోజనాల కోసం రాసుకున్న కాగితంలో పద్నాలుగు రకాలున్నాయి, సగం కొట్టేశాను. మా గోదావరి వైపు కొత్తల్లుడికి వందల రకాలు వడ్డించి ఫొటోలు పెడతారు, అవన్నీ ఎవరు తింటారో నాకైతే అర్థం కాదు. భోగి రోజు పులగం, కలగూర, నెయ్యి. నువ్వులద్దిన సజ్జరొట్టెలు అక్క చేసిస్తానంది. కూల్‌డ్రింకులు అసలు కొనను. ఈ చలికి తలంటు పోసుకుని వచ్చినవాళ్లకి అల్లం, నాలుగు మిరియాలు దంచి వేసిన టీ, దాంతో వేడి జంతికలు. పిల్లలకి మిరియాల పాలు, మూతి ముడిచినా సరే.

జంతికలు రేపు చెయ్యాలి. ఇప్పుడే చూస్తే టీ కప్పులు ఆరే ఉన్నాయి, జంతికల గొట్టం బిళ్ల కనపడట్లేదు. పొద్దున్నే మళ్లీ అక్క తలుపు కొట్టాలి.