చేప కోశాక మిగిలేది చూడ్డానికి వాకాడు దాకా

దామలచెరువు దగ్గర మా మామిడి తోటలో ఒక నీలం డ్రమ్ము ఉంది. చేప పేగులు, తలలు ఎంతుంటే అంత బరువు చిత్తూరు బెల్లం కలిపి అందులో వేసి మూత పెడతాం. మూడు వారాలు దాటాక వడగట్టి, నీళ్ళలో పలచగా కలిపి ఎరువుగా చెట్లకు కొడతాం. పక్క తోట చిన్నాయన ఆ డ్రమ్ము దాటినప్పుడల్లా ఒకటే మాట: "ఏంరా అబ్బోడా, బెల్లం మనుషులు తినేదానికి లేకుండా చేపలకు పోస్తా ఉండావా?" నిజానికి ఆ బెల్లం ఖర్చు నన్నూ సలుపుతూనే ఉంది. బెల్లం లేకుండా యాసిడ్‌తోనే పేగుల్ని కరిగించి, పైన తేలిన నూనె వేరే తీసి అమ్ముకునే చిన్న షెడ్డు వాకాడు వైపు ఉందని మా అక్క కొడుకు చెప్పాడు. వాడు ఫిషరీస్ చదివాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయలుదేరాం.

దారిలో తిరుపతి చేపల మార్కెట్ దగ్గర ఆగాం. ఆదివారం కదా, కాలు పెట్టే సందు లేదు. రోహు, కట్ల కోసేవాళ్ళు వరసగా కత్తిపీటల ముందు కూర్చున్నారు. ఒకతను పెద్ద కట్ల కడుపు చీల్చి పేగులు లాగితే, వాటి చుట్టూ తెల్లటి కొవ్వు పొరలు పొరలుగా అంటుకుని ఉంది. "మామా, నూనె అదే" అన్నాడు మావాడు. చెరువు చేపకు కొవ్వు పేగుల చుట్టూ ఎక్కువగా పేరుకుంటుందట. అదే సముద్రంలో దొరికే నూనె కవళ్ళయితే కండలోనే నూనె దిగుతుంది. మేం మాట్లాడుకుంటుండగానే ఆ పేగులు పొలుసు, మొప్పలు, చేదు తిత్తి అన్నీ ఉన్న బేసిన్‌లోనే పడ్డాయి. ఇదంతా ఎక్కడికి పోతుందని అడిగితే, "మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాది, తర్వాత మున్సిపాలిటీ బండికి" అన్నాడు తలెత్తకుండా.

రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట. బస్సు గురించి చెప్పడానికేమీ లేదు, నిలబడే పోయాం. అక్కడి నుంచి ఆటోలో మల్లాం, ఆపైన వాకాడు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఈ మండలాలు తిరుపతి జిల్లాలో కలిశాయి. కొండ కింద ఊళ్ళలో పెరిగిన నాకు మన జిల్లాకూ సముద్రం ఉందనుకోవడం ఇంకా అలవాటు కాలేదు. మన స్వర్ణముఖి కూడా ఇటే వచ్చి సముద్రంలో కలుస్తుంది. కాస్త దూరంలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్ళు మద్రాసు కంటే ముందే వ్యాపార కోఠీ పెట్టారు. ఇప్పుడు రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళకు గాలి అందించే ఏరేటర్ల చప్పుడు.

షెడ్డంటే రేకుల కప్పు, మూడు వైపులా గోడ లేదు. చూసుకునేది ఒక అక్క. మేం వెళ్ళేసరికి ఒక ట్రాలీ ఆటోలో క్రేట్లు దిగుతున్నాయి. ఆమె ఒక్కో క్రేటు దగ్గర వంగి, మొప్ప ఎత్తి రంగు చూసి, పేగు వేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, కొన్నిటిని కుడికి, కొన్నిటిని ఎడమకు తోయించింది. కుడివైపువి నూనెకు. ఎడమవైపువి ఎరువు డ్రమ్ముకు. రెండూ ఒకే రేవు నుంచి, ఒకే పొద్దున వచ్చినవే. తేడా అల్లా ఐసు. "ఐసు మీద వస్తే సరుకన్నా, ఎండలో వస్తే చెత్త. నాలుగు గంటల్లో తేలిపోతాది" అంది. నేను చూడాలని వచ్చింది మిషన్లను. తీరా చూస్తే పనంతా ఈమె ముక్కు మీద నడుస్తోంది.

సముద్రపు చేపలో ఉప్పునీటికి తట్టుకోవడానికి ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. మనం నీచు వాసన అనేది చాలావరకు దాన్నే. ఆ లోపలే కొవ్వు కూడా విరిగి ఆమ్లాలు పెరుగుతాయి, నూనె రేటు పడిపోతుంది. కాబట్టి కుడివైపు క్రేట్లు ఆగకుండా మిన్సర్‌లోకి, అంటే ముద్దగా నూరే మిషన్‌లోకి పోయాయి. ఆ ముద్దకు వంద కిలోలకు మూడు కిలోల లెక్కన ఫార్మిక్ యాసిడ్ కలుపుతారు. కేరళలో రబ్బరు పాలు గడ్డకట్టించడానికి వాడేది ఇదే. ఆవిరి కళ్ళకు, చర్మానికి మంచిది కాదు, అందుకే గ్లోవ్స్, కళ్ళద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పీహెచ్, అంటే పులుపు కొలత, నాలుగు కంటే కిందికి దిగితే (ఎంత దిగితే అంత పులుపు) కుళ్ళబెట్టే బాక్టీరియా ఆగిపోతుంది. చేప కడుపులోని ఎంజైములు మాత్రం ఆగవు. మాంసాన్ని అవే అరిగించి నీళ్ళు చేసేస్తాయి. వేడి చేస్తే పని తొందరగా అవుతుందట, మన ఎండలకు అదీ అక్కర్లేదు. దీన్ని సైలేజ్ అంటారు.

రెండు మూడు రోజుల కిందటి డ్రమ్ము మూత తీసి చూపించింది. పైన వేలెడు మందాన ఎర్రటి నూనె, దాని కింద టీ డికాషన్ రంగు ద్రవం, అడుగున ముళ్ళు. గరిటెతో నూనె తీసి సీసాలో పోసి వెలుతురుకు పట్టింది. చేప వాసన ఉంది, కుళ్ళు వాసన లేదు. వేడి చేసి తేర్చాక దీన్ని డ్రముల్లో అంచు దాకా నింపి నీడలో పెడతారు, పైన గాలి మిగిలితే నూనె చెడుతుంది. మేత మిల్లులకు, తోళ్ళ పనికి, సబ్బులకు పోతుంది. మందుల షాపులో ఒమేగా-3 క్యాప్సూల్‌గా అమ్మే నూనె ఇంకా చాలా దూరం నడవాలి: జిగురు తీయాలి, ఆమ్లం తీయాలి, రంగు తీయాలి, వాక్యూమ్‌లో వాసన తీయాలి. ఈ షెడ్డులో అదేం జరగదు, జరుగుతుందని ఆమె చెప్పుకోలేదు కూడా. నాకు అదే నచ్చింది. పెద్ద ఫిష్ మీల్ ఫ్యాక్టరీల దారి వేరు. వాళ్ళు ఉడికించి, పిండి, ఎండబెడతారు. నాలుగైదు టన్నుల పచ్చి సరుక్కి టన్ను పొడి వస్తుంది, మిగతాదంతా దాదాపు నీరే.

షెడ్డు వెనక రొయ్య తలలు, పొట్టు ఎండుతున్నాయి. తల, పొట్టు కలిపితే రొయ్య బరువులో దాదాపు సగం. మావాడు ఒక పెంకు ముక్క తీసి గ్లాసులో పలచటి యాసిడ్‌లో వేశాడు. బుసబుస నురగ లేచింది, కాల్షియం కరుగుతోందన్నమాట. కాసేపటికి బయటికి తీస్తే పెంకు తడిసిన కాగితంలా వేలికి చుట్టుకుంది. ఫ్యాక్టరీలో దీనికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడి, తర్వాత కాస్టిక్ సోడాతో ప్రోటీన్ తీస్తే పెంకులోని పీచు లాంటి కైటిన్ మిగులుతుంది. దాన్ని ఇంకా గాఢమైన కాస్టిక్‌లో కాస్తే కైటోసాన్. గాయాల పట్టీలకు, నీళ్ళు తేర్చడానికి, విత్తనాలకు పూయడానికి పనికొస్తుంది. కొచ్చిలో 1957లో పెట్టిన కేంద్ర చేపల సాంకేతిక పరిశోధన సంస్థ సిఫ్ట్ ఈ పద్ధతుల మీద చాలా పని చేసింది, విశాఖలోనూ వాళ్ళ కేంద్రం ఉంది. అయితే ఆ యాసిడ్, కాస్టిక్ కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? పులికాట్ పక్కన, శుద్ధి ప్లాంటు లేకుండా ఎవరైనా కైటోసాన్ చేస్తానంటే నేనైతే వద్దనే అంటాను. పొట్టు ఎండబెట్టి అమ్ముకోవడమే మేలు. పచ్చి తలలు కాలవల్లో పారబోయడం అంతకంటే దారుణం, రొయ్యల్ని చంపే తెల్లమచ్చల వైరస్ ఆ తలల నుంచే పక్క గుంటలోకి పోగలదు.

తిరుగు ప్రయాణంలో మావాడు ఐస్‌లాండ్ ఎత్తుకున్నాడు. అక్కడి కేరెసిస్ అనే కంపెనీ కాడ్ చేప చర్మంతో గాయాలకు పట్టీ చేసి 2013లో అమెరికా అనుమతి తెచ్చుకుంది, 2023లో దాన్ని 130 కోట్ల డాలర్ల దాకా విలువ కట్టి డెన్మార్క్ కంపెనీ కొనుక్కుంది. వినడానికి బాగుంది. కానీ అక్కడ చలి, కావాల్సిన ఒకే రకం చేప ఒక్కచోటే గుట్టలుగా. మనకు ఎండ, పది రకాల చేపలు, మనిషికో బేసిన్. మనకు ముందు కావాల్సింది చర్మం పట్టీ ఫ్యాక్టరీ కాదు, పేగుల కోసం రెండో బేసిన్, దానికింత ఐసు, దాన్ని మోసుకుపోయే బండి.

అక్క నాకు సైలేజ్ ఐదు లీటర్లు ఇచ్చింది. సున్నంతో యాసిడ్ విరిచి, నీళ్ళు బాగా కలిపాకే మొక్క మొదట్లో పోయమంది. నూనె ఇంకా కాస్త మిగిలి ఉన్న ద్రవం మండుటెండలో ఆకుల మీద కొడితే మాడిపోతాయని కూడా చెప్పింది. పిండినల్లికి కావాలంటే చేప నూనె, రోజిన్ అనే చెట్టు బంక కలిపి చేసిన సబ్బు విడిగా దొరుకుతుంది, లీటరుకు 25 గ్రాములు. తిరుపతి పేగులు కొంటావా అక్కా అంటే, "ఐసుతో మధ్యాహ్నం లోపల రావాల. రాకుంటే ఎడమ పక్కే" అంది.

నాయుడుపేటలో టీ తాగుతుంటే థర్మోకోల్ పెట్టెల వ్యాను ఒకటి ఆగింది. తెల్లారకముందే తిరుపతిలో చేపలు దించి, ఖాళీ పెట్టెలతో తిరిగొస్తోంది. మావాడూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేనే వెళ్ళి డ్రైవర్‌ని అడిగాను. అతను టీ పూర్తిచేసి, పెట్టెకింతని బేరం మొదలుపెట్టాడు. "దించేసినాక మీ సరుకు కోసం గంట ఆగుతా, అంతకంటే ఆగను. మూత చుట్టూ టేపు వెయ్యాల. ఒక్కసారి కారినా మళ్ళీ ఎక్కించను."

మావాడు అతని నంబరు ఫోన్‌లో వేసుకున్నాడు. తిరుపతి కత్తిపీటల వాళ్ళలో పొద్దున ఐదింటికే కోత మొదలుపెట్టేవాళ్ళు ఎవరో ఇప్పుడు కనుక్కోవాలి.