సింహాచలం గోడల ముందు

గుళ్లకు విగ్రహాలు చెక్కడం నా పని. ఉండేది విశాఖలోనే అయినా, సింహాచలం అంటే బస్సెక్కి వెళ్లడం, దర్శనం చేసుకోవడం, పులిహోర తిని దిగిపోవడం, అంతే. ఈసారి కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లదారి పట్టాను. భక్తి ఉంది, కాదనను. కానీ అసలు పని గోడలతో.

దారి పక్కన ఈ కొండల రాయి ఖోండలైట్ అక్కడక్కడా బయటపడి ఉంది. గోధుమరంగు, మధ్యలో ఎర్రటి గార్నెట్ గింజలు. వానకు నానినచోట గోకితే గోరుకే రాలింది.

గుడి పడమటి ముఖం. అందుకే సాయంత్రం దాకా ఆగాను. ఎండ ఏటవాలుగా పడ్డాక పక్కగోడల మీద శిల్పాలు లేచి నిలబడతాయి. నరసింహుడి తొడ మీద వెల్లకిలా వాలిన హిరణ్యకశిపుణ్ణి చూస్తూ ఉండిపోయాను. మా షెడ్డులో డైమండ్ బ్లేడ్ గ్రైండర్ రోజంతా తిరుగుతుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ గ్రైండర్ కోత తిన్నగా దిగుతుంది. మోచేతి మడత లోపల చీకటి నిలవాలంటే మాత్రం ఉలే పట్టాలి. 13వ శతాబ్దంలో తూర్పు గాంగుల కాలపు శిల్పులు ఆ చీకటిని కూడా కొలిచి పెట్టినట్టున్నారు. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడి వంశమే మరి. ఇక్కడా రాతి రథం, రాతి గుర్రాలు ఉన్నాయి. 1516లో వచ్చిన కృష్ణదేవరాయలు శాసనం వేయించాడు. చెక్కినవాళ్ల పేర్లు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

లోపల స్వామి చందనం ముద్దలో ఉన్నాడు. చూడ్డానికి లింగంలా ఉంటాడు. ఏడాదికి నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగుల చందనం పూస్తారు. వరాహ ముఖం, మనిషి ఒళ్లు, సింహం తోక, ఒళ్లు మూడుచోట్ల వంగిన ఆ త్రిభంగి నిలుపు అంతా దాని కిందే. అక్షయ తృతీయ నాటి చందనోత్సవంలో తప్ప కనబడదు. నా దగ్గర విగ్రహం చేయించుకునేవాళ్లు "ముక్కు ఇంకా షార్ప్‌గా రావాలి, ఫొటోలో మెరవాలి" అంటుంటారు. వాళ్లను ఒకసారి ఇక్కడ నిలబెట్టాలనిపించింది.

ఒకసారి చందనోత్సవానికి వెళ్లాను గానీ, "కదలండి, కదలండి" అని తోసేలోపు నడుము వంపు ఒక్కటే కంటికి ఆనింది. ఈసారి మళ్లీ వెళ్తానంటే, "ఆ క్యూలో ఈ మోకాళ్లతోనా?" అంటోంది మా ఆవిడ. టికెట్ సంగతి కనుక్కోమని మేనల్లుడికి చెప్పేశాను.