కంపార్ట్‌మెంట్‌లో పోయిన పరువు

నిన్న తిరుమల క్యూలో నాలుగు గంటలు కూర్చున్నాం. ఫోన్లు డిపాజిట్ చేసేశాం కాబట్టి మా అక్క కొడుక్కి కాలక్షేపం నేనే. "మామా, అన్నిటికంటే పెద్ద చేప ఏది?" అన్నాడు. తిమింగలం అన్నాను, మహా ధీమాగా. "అది చేపే కాదు మామా, పిల్లలకు పాలిస్తుంది" అన్నాడు. పక్కనున్న పెద్దాయన నవ్వు కూడా దాచుకోలేదు. జవాబు వాడే చెప్పాడు: వేల్ షార్క్. పేరులో వేల్ ఉన్నా అది సొరచేపే.

దర్శనమయ్యాక ఫోన్ చేతికి రాగానే లడ్డూల సంగతి మరిచిపోయి చదివాను. బాగా పెద్దవి 18 మీటర్ల దాకా, అంటే ఒకటిన్నర ఆర్టీసీ బస్సంత. నోట్లో దాదాపు 3000 చిన్న పళ్లున్నా దేన్నీ నమలదు. నోరు బార్లా తెరిచి నీళ్లు లాక్కుని, మా అమ్మ పిండి జల్లించినట్టు ప్లాంక్టన్‌ని (నీళ్లలో తేలే చిన్నచిన్న జీవుల్ని), చేపగుడ్లని వడకట్టుకుంటుంది. ఒకచోట తిని ఇంకోచోట విసర్జిస్తుంది. సముద్రంలోని సూక్ష్మ మొక్కలకి అదే ఎరువు. చచ్చి అడుగుకి చేరితే అక్కడి జీవాలకి విందు, ఒంట్లోని కార్బన్ కూడా దాంతోపాటే కిందికి.

గుజరాత్ తీరంలో ఒకప్పుడు కాలేయం నూనె కోసం వీటిని తెగ వేటాడేవారు. 2001లో చట్టరక్షణ వచ్చింది. ఇప్పుడు అదే జాలర్లు వల కోసి మరీ వదిలేస్తున్నారు. (వల ఖరీదు తెలిసినవాళ్లకి అదెంత పెద్ద పనో అర్థమవుతుంది.)

ఘాట్ రోడ్డు దిగుతుంటే 1995లో తైవాన్‌లో దొరికిన ఒక ఆడ సొర కడుపులో దాదాపు 300 పిల్లలున్నాయని గొప్పగా చెప్పబోయాను. వాడు అప్పటికే నా భుజం మీద నిద్రపోయాడు.